రోడ్డు మీద కనిపించే రద్దీ ఎక్కడ పుడుతుంది?

గుండ్రంగా గీసిన ఒక దారి. చుట్టుకొలత 230 మీటర్లు. దాని మీద 22 కార్లు. సిగ్నళ్లు లేవు, కూడళ్లు లేవు, గుంతలు లేవు, అడ్డం వచ్చే మనిషి లేడు. గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ ఉండమని డ్రైవర్లకు చెప్పారు. జపాన్ పరిశోధకులు చేసి, 2008లో ఫలితాలు ప్రచురించిన ప్రయోగం ఇది. కాసేపు అంతా సాఫీగానే సాగింది. తర్వాత ఎక్కడో ఒక కారు వేగం కొద్దిగా తగ్గింది. వెనకున్న డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టాడు. అతని వెనకున్నవాడు ఇంకొంచెం గట్టిగా తొక్కాడు. ఆ కుదుపు ఒకరి నుంచి ఒకరికి పెరుగుతూ పోయి, చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగిన ముద్ద ఉన్నచోటే ఉండలేదు. ముందు నుంచి ఒక్కో కారు బయటపడుతుంటే వెనక నుంచి మరొకటి వచ్చి చేరుతూ, గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో అలలాగా వెనక్కి పాకింది.

ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినవాళ్లు ముందు ఏదో ప్రమాదం జరిగిందేమో అనుకుంటారు. తీరా అక్కడికి చేరాక ఏమీ కనిపించదు. వాహనాలు ఒక హద్దు దాటి చిక్కబడితే చాలు, ఎవరి తప్పూ లేకుండానే ప్రవాహం గడ్డకడుతుందని ఆ 22 కార్లు చూపించాయి. ఇందులోనే ఒక ఊరట కూడా ఉంది. ఆ హద్దు దగ్గర ఉన్నప్పుడు పదింట ఒకటి రెండు వాహనాలు తగ్గినా ముడి విడిపోతుంది. బడులకు సెలవులిచ్చిన రోజుల్లో రోజూ వెళ్లే దారి ఎంత తేలికపడుతుందో గమనించినవారికి ఇది అనుభవంలో ఉన్న సంగతే. ఊరిలోని వాహనాలన్నీ బయటికి రాకుండా ఆపనక్కరలేదు. చివర్లో వచ్చి చేరి ప్రవాహాన్ని గడ్డకట్టించే ఆ కొద్ది ప్రయాణాలు ఎందుకు పుడుతున్నాయో కనుక్కోగలిగితే చాలు.

నగర ప్రణాళికాకర్తలు, ఆర్కిటెక్టులు చేసే పనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. రద్దీ కనిపించేది రోడ్డు మీద కాబట్టి మన చూపు రోడ్డు మీదే ఉంటుంది. కానీ ఇల్లు ఎక్కడ, ఉద్యోగం ఎక్కడ, బడి ఎక్కడ, గేటు ఎటు, బండి ఆపే చోటు ఎంత అని ఎవరో ఎప్పుడో కాగితం మీద గీసిన రోజునే ఆ రద్దీలో చాలా భాగం ఖాయమైపోయి ఉంటుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

వెడల్పు చేస్తే ఏమవుతుంది

ముందుగా అందరికీ తోచే పరిష్కారం సంగతి చూద్దాం. రోడ్డు ఇరుకైంది, వెడల్పు చేద్దాం. 1962లో అమెరికన్ ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ దీని మీద ఒక సూత్రం చెప్పాడు: నగరంలో ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ దారి వేసినా రద్దీ వేళల్లో అది నిండేదాకా వాహనాలు వచ్చి చేరతాయి. ఎక్కడి నుంచి వస్తాయి? మూడు వైపుల నుంచి. రద్దీకి భయపడి ఇన్నాళ్లూ తెల్లవారుజామునే బయలుదేరుతున్నవారు, దారి ఖాళీ అయిందని తెలిసి మళ్లీ తొమ్మిది గంటలకే బయలుదేరతారు. సందుగొందుల్లోంచి చుట్టూ తిరిగి వెళ్తున్నవారు పెద్ద రోడ్డు ఎక్కుతారు. బస్సులోనో రైలులోనో వెళ్తున్నవారిలో కొందరు సొంత బండి తీస్తారు. ఇదంతా కొద్ది నెలల్లో జరిగేది. నాలుగేళ్లు గడిస్తే నాలుగోది కూడా తోడవుతుంది. రోడ్డు బాగుంది కదా అని ఇంకా దూరంగా ఇళ్లు కడతారు, కొంటారు. ఆ ఇళ్ల నుంచి రోజూ రెండు పూటలా కొత్త ప్రయాణాలు మొదలవుతాయి.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కేటీ ఫ్రీవే అనే రహదారిని 2008 నాటికి ఎంత వెడల్పు చేశారంటే, పక్కనున్న సర్వీసు రోడ్లతో కలిపితే కొన్నిచోట్ల 26 లేన్లు వచ్చాయి. ప్రపంచంలోని అతి వెడల్పైన రహదారుల్లో అది ఒకటి. 2011, 2014 మధ్యనే అక్కడ సాయంత్రం వేళ ప్రయాణ సమయం సగానికి పైగా పెరిగింది. అది ఒక్క ఊరి కథ మాత్రమేనా అని సందేహం రావచ్చు. 2011లో జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా మహానగరాల లెక్కలు పరిశీలించి, పెద్ద రహదారుల పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతోందని తేల్చారు.

దీనికంటే వింతైనది మరొకటి ఉంది. 1968లో జర్మన్ గణితజ్ఞుడు డీట్రిష్ బ్రేస్ ఒక విషయాన్ని నిరూపించాడు: కొన్ని రోడ్ల అల్లికలో కొత్తగా ఒక అడ్డదారి కలిపితే అందరికీ ప్రయాణ సమయం పెరగవచ్చు. ఎవరికి వారు తమకు తొందరగా చేర్చే దారి ఎంచుకుంటారు. అందరూ అదే అడ్డదారి కోసం ఎగబడితే, అంతకుముందు రెండు వైపులా పంచుకుని వెళ్లిన భారమంతా ఒకే ఇరుకు మీద పడుతుంది. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ ఆలస్యమయ్యారు.

మరి ఉన్న రోడ్డును తీసేస్తే? దక్షిణ కొరియా రాజధాని సియోల్ నడిబొడ్డున చంగ్యెచన్ అనే వాగును కప్పేసి, దాని మీద ఎత్తైన ఫ్లైఓవర్ దారి కట్టారు. రోజుకు లక్షన్నరకు పైగా వాహనాలు ఆ మార్గంలో తిరిగేవి. 2003లో అప్పటి మేయర్ లీ మ్యుంగ్-బాక్ హయాంలో దాన్ని కూల్చడం మొదలుపెట్టి, 2005 నాటికి దాదాపు ఆరు కిలోమీటర్ల మేర వాగును మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఊరు స్తంభించిపోతుందన్న భయం నిజం కాలేదు. అది మంత్రం వేసి చేసింది కాదు. 2004 జూలైలో సియోల్ తన బస్సు వ్యవస్థను మొత్తం తిరగరాసింది. రోడ్డు మధ్యలో బస్సులకు ప్రత్యేక లేన్లు వేసింది. బస్సుకూ మెట్రోకూ కలిపి, వెళ్లిన దూరాన్ని బట్టి ఒకే చార్జీ పెట్టింది. ఫ్లైఓవర్ కూల్చిన కథను అందరూ చెప్పుకుంటారు. బస్సుల కథ చెప్పకుండా దాన్ని చెప్పడం సగం చెప్పడమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇదంతా విని ఏ ఊరికీ కొత్త రోడ్లు అక్కర్లేదనుకుంటే పొరపాటు. అప్పటికే రోడ్లతో నిండిన నగరంలో ఒక రోడ్డును ఇంకా లావు చేయడం వేరు. వీధులే సరిగా లేని చోట కొత్త వీధుల అల్లిక వేయడం వేరు. నగర భూమిలో కనీసం 30 శాతం వీధులకు ఉండాలని ఐక్యరాజ్య సమితి ఆవాస సంస్థ సూచిస్తోంది. వేగంగా పెరిగే ఊళ్ల శివార్లలో అందులో సగం కూడా లేని చోట్లు చాలానే ఉంటాయి. అక్కడ కావలసింది పది లేన్ల రోడ్డు ఒకటి కాదు, రెండేసి లేన్ల వీధులు అనేకం.

వాహనాలను లెక్కపెట్టాలా, మనుషులనా

ఒక కూడలిలో నిలబడి గంటకు ఎన్ని వాహనాలు దాటాయో లెక్కపెట్టడం ఇంజినీర్లకు చాలాకాలంగా అలవాటు. ఆ లెక్కలో 60 మందితో వచ్చిన బస్సు ఒకటి, ఒక్కడితో వచ్చిన కారు ఒకటి. లెక్కపెట్టే వస్తువు మారిస్తే రోడ్డే మారిపోతుంది. నగర వీధిలో మూడు, మూడున్నర మీటర్ల వెడల్పున్న ఒక లేన్‌లో కార్లే తిరిగితే గంటకు 600 నుంచి 1,600 మంది దాటుతారని రవాణా నిపుణుల అంచనా. అదే లేన్‌ను వెంటవెంటనే వచ్చే బస్సులకు కేటాయిస్తే 4,000 నుంచి 8,000 మంది. అంత వెడల్పే సైకిళ్లకు ఇచ్చినా, కాలిబాట చేసినా అది కారు లేన్ కంటే ఎన్నో రెట్లు మందిని దాటిస్తుంది. బస్సు లేన్ ఖాళీగా కనిపిస్తుందని కారులో కూర్చున్నవారికి కోపం రావడం సహజం. సాఫీగా సాగే లేన్ ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది.

బస్సును నమ్ముకుని ఊరిని మార్చిన కథల్లో బ్రెజిల్‌లోని కురిటీబాది మొదటి వరుస. అక్కడ 1971లో మేయర్ అయిన జైమి లెర్నర్ ఆర్కిటెక్టు. 1974లో బస్సులకు ప్రత్యేక దారులు ప్రారంభమయ్యాయి. ఆ ఊరిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది మాత్రం ఒక చిన్న నిర్మాణం, 1991లో వచ్చిన గాజు గొట్టం లాంటి బస్ స్టేషన్. మామూలు బస్సు ఎలా ఆగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒకరి వెనక ఒకరు రెండు మెట్లు ఎక్కాలి. లోపల టికెట్ తీసుకోవాలి, చిల్లర చూసుకోవాలి. ముసలివాళ్లకు చేయందించాలి. చంటిబిడ్డ ఉంటే ఇంకొంచెం ఆగాలి. బస్సు ప్రయాణ సమయంలో చాలా భాగం రోడ్డు మీద కాక ఇలా స్టాపుల్లో ఖర్చవుతుంది. కురిటీబా గొట్టంలో ప్రయాణికుడు లోపలికి వచ్చేటప్పుడే డబ్బు చెల్లిస్తాడు. గొట్టం నేల బస్సు నేలతో సమానమైన ఎత్తులో ఉంటుంది. బస్సు ఆగగానే తలుపుల దగ్గర వంతెన పలకలు వాలతాయి, అన్ని తలుపుల్లోంచీ జనం ఒకేసారి దిగుతారు, ఎక్కుతారు. చక్రాల కుర్చీ కూడా అలాగే జరిగిపోతుంది. రోడ్డు ఒక్క అడుగు కూడా పెరగలేదు. మెట్లూ టికెట్టూ బస్సులోంచి తీసి స్టేషన్‌లో పెట్టారు, అంతే. రద్దీ విషయంలో ఆర్కిటెక్టు చేయగలిగింది ఏముందని అడిగేవారికి నేను మొదట చూపేది ఆ గొట్టాన్నే.

కొలంబియా రాజధాని బొగోటా 2000 డిసెంబరులో ట్రాన్స్‌మిలేనియో పేరుతో ఇదే ఆలోచనను ఇంకా పెద్ద ఎత్తున అమలు చేసింది. స్టేషన్ల దగ్గర ఒక బస్సు మరో బస్సును దాటిపోవడానికి అదనపు లేన్ పెట్టడంతో రద్దీ వేళ ఒక దిశలో గంటకు 40,000 మందికి పైగా ప్రయాణించే స్థాయికి చేరింది. చాలా మెట్రోలు మోసేది అంతకంటే తక్కువే. కానీ ఆ బస్సులు కిక్కిరిసి ఉంటాయి, జనం ఫిర్యాదు చేస్తూనే ఉంటారు, ఆ ఫిర్యాదు న్యాయమైనదే. బస్సు లేన్ వేసి వదిలేయడం కుదరదు. జనం పెరిగేకొద్దీ దాన్ని పెంచుతూ, కొత్త మార్గాలు కలుపుతూ పోవాలి.

ఇంటికీ పనికీ మధ్య దూరం

ప్రయాణాన్ని వేగంగా చేయడం ఒక ఎత్తు. ఆ ప్రయాణం అవసరాన్నే తగ్గించడం మరో ఎత్తు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా నగరాలు జోనింగ్ పేరుతో ఇళ్లకు ఒక రంగు, ఆఫీసులకు ఒక రంగు, కర్మాగారాలకు ఒక రంగు వేసి విడగొట్టాయి. పొగా మురికీ కక్కే కర్మాగారాలను ఇళ్లకు దూరం పెట్టడంలో అర్థముంది. బ్యాంకునూ బడినీ మందుల షాపునూ కూడా దూరం పెట్టడంలో మాత్రం అర్థం లేదు. ఉదయం ఊరంతా ఒక దిక్కుకు పోయి, సాయంత్రం ఊరంతా తిరిగి వస్తుంది. పొద్దున ఎదురుదిశ లేన్లు బోసిగా ఉంటాయి. అంటే కట్టిన రోడ్డులో సగం ఏ పూటా పనికిరాకుండా పోతోంది. కలగలుపు వాడకం, అంటే ఇళ్లూ పనులూ అంగళ్లూ పక్కపక్కనే ఉండనివ్వడం, ఆ సగాన్ని కూడా పనిలో పెడుతుంది. కొన్ని ప్రయాణాలను నడకలోకి మారుస్తుంది.

ఇక దూరం వెళ్లక తప్పని ప్రయాణాలు ఉంటాయి. వాటి కోసం ఊరి ఆకారాన్నే రవాణా చుట్టూ మలచిన నగరాలున్నాయి. కోపెన్‌హేగన్ 1947లో ‘వేళ్ల ప్రణాళిక’ గీసుకుంది. పాత నగరం అరచేయి. అక్కడి నుంచి ఐదు రైలు మార్గాలు ఐదు వేళ్లు. ఊరు ఆ వేళ్ల వెంబడే పెరగాలి, వేళ్ల మధ్య పొలాలూ అడవులూ మిగలాలి. గీతతో ఆగలేదు. పెద్ద ఆఫీసు భవనాలు స్టేషన్‌కు 600 మీటర్ల లోపు ఉండాలన్న నియమం తర్వాత వచ్చింది. మనిషి రైలు దిగి నడిచి వెళ్లడానికి ఇష్టపడే దూరం అది. కురిటీబా కూడా బస్సు దారుల వెంట ఎత్తైన భవనాలను అనుమతించి, అక్కడి నుంచి దూరం వెళ్లేకొద్దీ అంతస్తులు తగ్గించింది. సింగపూర్ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన కొత్త పట్టణాల్లో బడి, మార్కెట్, క్లినిక్ ఇళ్లతోపాటే వచ్చాయి. తర్వాత టాంపనీస్ లాంటి చోట్ల ఉద్యోగ కేంద్రాలను పెంచి, అందరూ పాత నడిబొడ్డుకే రావలసిన అవసరాన్ని తగ్గించారు. హాంకాంగ్‌లో మెట్రో సంస్థ స్టేషన్ల పైనా పక్కనా ఉన్న భూమిని అభివృద్ధి చేసి, వచ్చిన లాభంతో మార్గాలు కట్టుకుంది. అక్కడ రోజువారీ ప్రయాణాల్లో దాదాపు తొంభై శాతం ప్రజా రవాణాలోనే జరుగుతాయి.

హాంకాంగ్ పేరు వింటే జనసాంద్రత గుర్తొస్తుంది. జనం ఒక్కచోట ఎక్కువమంది ఉంటే రద్దీ తప్పదన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. నిజానికి స్టేషన్ పక్కన పదివేల మంది ఉండటానికీ, స్టేషన్ లేనిచోట పదివేల మంది ఉండటానికీ పోలికే లేదు. సాంద్రత ఉన్నచోటే నిమిషానికో బస్సు నడపడం గిట్టుబాటవుతుంది. పలచగా పరుచుకున్న ఊరికి అది ఎప్పటికీ సాధ్యం కాదు. అక్కడ ప్రతి ఇంటికీ ఒక బండి, ఇంట్లోని ప్రతి పెద్దవారికీ ఒక బండి తప్పనిసరి అవుతుంది.

ఒక చేదు నిజం కూడా ఇక్కడే ఉంది. స్టేషన్ రాగానే చుట్టుపక్కల భూమి ధర పెరుగుతుంది. అద్దెలు పెరుగుతాయి. బస్సూ రైలూ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ఊరి అంచులకు నెట్టబడతారు. మూడు బస్సులు మారి పనికి వచ్చే వంటమనిషి, కాపలాదారు, ఆసుపత్రి ఆయా, వీళ్ల ప్రయాణాలు ఏ ప్రణాళిక పటంలోనూ కనిపించవు. వియన్నాలో జనాభాలో సగం మంది నగరపాలక సంస్థ కట్టినవో, ప్రభుత్వ సాయంతో కట్టినవో ఇళ్లలో ఉంటారు, అవి నగరమంతటా ఉన్నాయి. అందుబాటు ధరలో ఇళ్లు కట్టడం కూడా రద్దీని తగ్గించే పనే. బడ్జెట్ పుస్తకంలో మాత్రం అవి రెండూ వేర్వేరు శాఖల కింద ఉంటాయి.

గేటు ఎటు తెరుచుకుంటుంది

ఇప్పుడు ఒక్క స్థలం కొలతకు దిగుదాం. నాలుగు వైపులా 400 మీటర్ల ప్రహరీ ఉన్న ఒక పెద్ద నివాస సముదాయాన్ని ఊహించండి. ముందు వైపు నడుమ ఒకే గేటు. వెనక గోడకు ఆనుకుని ఒక కుటుంబం ఉంది. గోడ అవతల యాభై మీటర్లలో బస్ స్టాప్. ఆ ఇంటి పిల్ల బస్సు ఎక్కాలంటే ముందు గేటు దాకా 400 మీటర్లు, అక్కడి నుంచి గోడ మూల దాకా 200, పక్క గోడ వెంట 400, వెనక గోడ వెంట మళ్లీ 200 నడవాలి. మొత్తం 1,200 మీటర్లు. వాళ్ల నాన్న స్కూటర్ తీస్తాడు, తీయక ఏం చేస్తాడు? ఆ సముదాయంలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉంటాయి. వెనక గోడకు మనిషి పట్టే ఒక చిన్న తలుపు పెడితే 1,200 మీటర్లు 50 మీటర్లవుతుంది. ఆ తలుపుకు అయ్యే ఖర్చుతో ఫ్లైఓవర్‌లో ఒక స్తంభం కూడా లేవదు.

గేటు దగ్గర ఇంకో సంగతి. బండి ఆగి, కాపలాదారు చూసి, కర్ర ఎత్తేసరికి పదిహేను సెకన్లు పడుతుందనుకుందాం. రద్దీ వేళ ఎనిమిది కార్లు ఒక్కసారిగా వస్తే, ఒక్కోదానికి ఆరు మీటర్ల చొప్పున దాదాపు యాభై మీటర్ల వరుస. గేటు రోడ్డు అంచునే ఉంటే ఆ వరుస నిలబడేది ప్రధాన రోడ్డు మీద. ఒక లేన్ మూతపడినట్టే. మొదట చెప్పుకున్న ఆ వలయంలో ఒక కారు వేగం తగ్గితే ఏమైందో చూశాం కదా. అందుకే అనుభవమున్న ఆర్కిటెక్టు తనిఖీ గేటును స్థలం లోపలికి జరిపి, వరుస లోపలే నిలిచేలా చూస్తాడు. వాహనాల దారిని పక్క వీధిలోకి తెరుస్తాడు, మనుషుల దారిని పెద్ద వీధి వైపు పెడతాడు. పెద్ద బడికీ ఆసుపత్రికీ బండ్లు ఆగి దించిపోయే చోటు ఆవరణలోనే ఉండాలని పట్టుబడతాడు. యజమాని ఆ స్థలం అమ్మకానికి పనికొస్తుంది కదా అంటాడు. ఆ వాదనలో ఆర్కిటెక్టు గెలవాలంటే నిబంధనలు అతని వైపు ఉండాలి.

వీధుల అల్లిక కూడా ఇలాంటిదే. లోపలి వీధులన్నీ మూసుకుపోయి చివరికి ఒకే పెద్ద రోడ్డులో కలిసే లేఅవుట్‌లో, పక్క కాలనీకి వెళ్లాలన్నా పెద్ద రోడ్డు ఎక్కాలి. చిన్న చిన్న బ్లాకులతో గళ్లుగా అల్లిన చోట ఒక దారి మూసుకుపోతే ఇంకో నాలుగు ఉంటాయి, నడకా దగ్గరవుతుంది. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ నగరం నడిబొడ్డున బ్లాకు పొడవు 61 మీటర్లే. 1859లో బార్సెలోనా విస్తరణకు ప్రణాళిక గీసిన ఇంజినీరు ఇల్డెఫాన్స్ సెర్దా 113 మీటర్ల బ్లాకులూ, 20 మీటర్ల వీధులూ పెట్టి, ప్రతి బ్లాకు నాలుగు మూలలనూ ఏటవాలుగా కోశాడు. ఆవిరి బండ్లు వీధుల్లోకి వస్తాయనీ, అవి తిరగడానికి చోటు కావాలనీ అతను ముందే ఊహించాడు. మోటారు కారు పుట్టడానికి దశాబ్దాల ముందు ఆ మూలలు సిద్ధంగా ఉన్నాయి.

అదే అల్లికను ఇప్పుడు బార్సెలోనా మరోలా వాడుకుంటోంది. మూడు వరుసల్లో మూడేసి చొప్పున తొమ్మిది బ్లాకులను ఒక ముద్దగా తీసుకుని, ఊరు దాటిపోయే వాహనాలను దాని చుట్టూ మాత్రమే పంపుతారు. లోపలి వీధుల్లోకి అక్కడ పని ఉన్న బండ్లు నెమ్మదిగా వస్తాయి, వచ్చిన వైపుకే మళ్లి బయటపడతాయి. అడ్డంగా దూసుకుపోయే వీలుండదు. 2016లో పొబ్లెనౌ పేటలో దీన్ని మొదలుపెట్టినప్పుడు స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. తర్వాత అక్కడ బల్లలు, చెట్లు, ఆటస్థలాలు వచ్చాయి. వీధుల అల్లిక ఉన్నందువల్లే ఇది సాధ్యమైంది. ఒకే పెద్ద రోడ్డు మీద బతికే ఊరికి మూసుకోవడానికి వేరే వీధే ఉండదు.

ఆగి ఉన్న కారు, కదిలే కారు

పార్కింగ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నగరాలు తమకు తాము చేసుకున్న హానుల్లో కనీస పార్కింగ్ నిబంధన చాలా పెద్దది. ఇంత విస్తీర్ణం కడితే ఇన్ని కార్లకు చోటు చూపించి తీరాలని అది చెబుతుంది. ఒక కారు నిలబడే చోటు పన్నెండు చదరపు మీటర్లు. తిరిగే దారి, ర్యాంపు కలుపుకుంటే పాతిక దాటుతుంది. ఆఫీసులో దాని యజమాని కూర్చునే చోటు పది చదరపు మీటర్లు. అంటే మనిషి కంటే కారుకు రెండున్నర రెట్లు. ఆ ఖర్చు భవనంలోని ప్రతి ఒక్కరి అద్దెలో కలుస్తుంది, కారు లేనివాడి అద్దెలో కూడా. ఆపడానికి ఉచితంగా చోటు దొరుకుతుందని తెలిసినవాడు కారు తీయకుండా ఉండడు. ఈ సంగతిని జీవితమంతా పరిశోధించిన డోనల్డ్ షూప్ లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌వుడ్ విలేజ్ అనే చిన్న వ్యాపార ప్రాంతంలో ఒక లెక్క తీశాడు. వీధి పక్కన ఖాళీ కోసం ఒక్కో డ్రైవరు సగటున మూడు నిమిషాలకు పైగా తిరుగుతున్నాడు. చూడటానికి చిన్న విషయమే. అలాంటివన్నీ కూడితే ఆ పదిహేను బ్లాకుల్లో ఏడాదికి 15 లక్షల కిలోమీటర్లు, భూమి చుట్టూ 38 సార్లు తిరిగినంత. ఎక్కడికీ వెళ్లని ప్రయాణాలు అవి.

2017లో మెక్సికో సిటీ ఈ నిబంధనను తలకిందులు చేసింది. కనీసం ఇన్ని ఉండాలన్న చోట ఇన్నింటికి మించకూడదని రాసింది. జపాన్‌లో సొంత పార్కింగ్ చోటు ఉందని రుజువు చూపితేనే కారు నమోదవుతుంది. 1960ల నుంచీ అదే చట్టం. అక్కడి ఇరుకు వీధులు నడవడానికి ఎంత హాయిగా ఉంటాయంటే, దాని వెనక ఈ చట్టం ఉందని వెంటనే తట్టదు.

కదిలే కారుకు వెల కట్టడం ఇంకా కష్టమైన పని, రాజకీయంగా. 1975 జూన్‌లో సింగపూర్ నడిబొడ్డుకు ఉదయం వేళ వచ్చే కార్లకు రుసుము పెట్టింది. నలుగురు కలిసి వస్తే మినహాయింపు. రద్దీ వేళ లోపలికి వచ్చే వాహనాలు 40 శాతానికి పైగా తగ్గాయి. 1998లో అది ఎలక్ట్రానిక్ పద్ధతికి మారింది. లండన్ 2003 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. మొదటి ఏళ్లలో ఆలస్యాలు బాగా తగ్గినా, తర్వాత వచ్చిన రోడ్డు తవ్వకాలు వంటి కారణాలతో మళ్లీ పెరిగాయి. రుసుము ఒక్కటే ఊరిని ఎల్లకాలం కాపాడదు.

స్టాక్‌హోమ్ చేసిన పని నాకు ఎక్కువ నచ్చుతుంది, అది జనాన్ని నమ్మిన తీరు వల్ల. 2006 జనవరి నుంచి జూలై చివరి దాకా ప్రయోగంగా రుసుము వసూలు చేశారు. అదనపు బస్సులను దానికంటే ముందే రోడ్డెక్కించారు. వాహనాలు ఐదో వంతు తగ్గాయి. ఐదో వంతు అంటే పెద్దగా అనిపించకపోవచ్చు, కానీ వరుసల్లో ఆలస్యం అంతకంటే ఎక్కువగా తగ్గింది. గడ్డకట్టే హద్దు దాకా వెళ్లి వెనక్కి వచ్చినట్టన్నమాట. ఆగస్టులో ప్రయోగం ఆపగానే బండ్లు మళ్లీ వచ్చాయి. సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ. రెండు రకాల వీధులనూ కళ్లారా చూసిన నగర ఓటర్లలో ఎక్కువమంది కొనసాగించమన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. మొదట మూడో వంతు మందే సమర్థించిన రుసుమును కొన్నేళ్లకు మూడింట రెండు వంతులు సమర్థించారు.

ఊరు రాకముందే వీధి

ఈ ఉపాయాలన్నీ ఇప్పటికే కట్టుకుపోయిన ఊళ్లకు. ఇప్పుడిప్పుడే పొలాల్లోకి పాకుతున్న నగరాలకు అంతకంటే చవకైన అవకాశం ఒకటి ఉంది, అది ఎక్కువకాలం ఉండదు. ఇల్లు లేచాక వీధికి స్థలం తీసుకోవాలంటే గోడలు కూల్చాలి, పరిహారాలు ఇవ్వాలి, కోర్టుల్లో ఏళ్ల తరబడి తిరగాలి. పొలంగా ఉన్నప్పుడు అదే స్థలం గీత గీసినంత సులువు. ఊరు రానున్న దిక్కులో కిలోమీటరుకో పెద్ద వీధి చొప్పున గళ్లుగా స్థలాన్ని ముందే కేటాయించి ఉంచండి, రోడ్డు తర్వాత వేసుకోవచ్చు అని న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ష్లోమో ఏంజెల్ చెబుతూ వచ్చాడు. ఇథియోపియాలోని కొన్ని నగరాలు ఆ దారి పట్టాయి.

భూమి ఎవరిది, నష్టం ఎవరికి అన్న ప్రశ్నకు భూమిని కలిపి పంచుకునే పద్ధతి ఒక జవాబు. రైతులందరి కమతాలనూ ఒకచోట చేర్చి, వీధులకూ బడులకూ ఉద్యానాలకూ కొంత తీసి, మిగిలింది చదునైన ప్లాట్లుగా ఎవరి వాటా వారికి తిరిగి ఇస్తారు. విస్తీర్ణం తగ్గుతుంది, దారి వచ్చినందుకు విలువ పెరుగుతుంది. జపాన్ పట్టణ ప్రాంతంలో దాదాపు మూడో వంతు ఇలా రూపుదిద్దుకున్నదే. బొంబాయి ప్రెసిడెన్సీలో 1915 చట్టంతో మొదలైన ఈ పద్ధతిని అహ్మదాబాద్ ఇప్పటికీ వాడుతోంది. నగరం చుట్టూ ఉన్న 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకు కావలసిన భూమిలో చాలా భాగం ఇలాగే వచ్చింది. విలువ నిజంగా పెరగాలన్నా, పంపకం నిజాయితీగా జరగాలన్నా లెక్కలు అందరి ముందూ ఉండాలి. లేకపోతే అది రైతును మోసగించే పద్ధతిగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

ఇలా ముందుచూపుతో గీసిన గీతల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది 1811 నాటి న్యూయార్క్ ప్రణాళిక. ఊరి జనాభా అప్పటికి లక్ష కూడా లేదు. జనమంతా మన్‌హాటన్ దీవి దక్షిణపు కొస చుట్టుపక్కల ఉన్నారు. మిగతాదంతా కొండలు, వాగులు, తోటలు. ప్రణాళికలో మాత్రం పన్నెండు అవెన్యూలు, 155 అడ్డవీధులు. వాటిని నేల మీదకు దించే పని జాన్ రాండెల్ అనే కుర్ర సర్వేయరు మీద పడింది. తమ తోటల్లోంచి గొలుసులు లాక్కుంటూ వెళ్తున్నందుకు భూయజమానులు అతని మీద కేసులు పెట్టారు, అరెస్టు కూడా చేయించారు. పదేళ్లపాటు అతను ప్రతి రాబోయే కూడలి దగ్గరా ఒక పాలరాతి గుర్తు పాతుతూ పోయాడు. రాయి పాతడానికి వీలులేని చోట బండలో ఇనుప మేకు దిగగొట్టాడు. ఆ గుర్తులు చెప్పిన చోటల్లా తర్వాత కూడళ్లు వెలిశాయి, చుట్టూ లక్షలమంది వచ్చి చేరారు. ఒక మేకు మాత్రం ఈనాటికీ సెంట్రల్ పార్కులో ఒక బండరాతిలో అలాగే ఉంది. ప్రణాళికలో లేని ఆ పార్కు మధ్యలో వచ్చి చేరింది, అక్కడికి రావలసిన వీధి రాలేదు.